ఇరుగు పొరుగు: ఫ్రాన్స్, స్పెయిన్ దేశాల స్నేహం



నేను సరిహద్దు తాలూకాలో పనిచేసే బడిపంతుల్ని. పొద్దున కన్నడంలో సాంఘిక శాస్త్రం, మధ్యాహ్నం తెలుగు చెబుతాను. కిందటేడు ఎనిమిదో తరగతి పిల్లల చేత పటం గీయిస్తూ, సరిహద్దు గీతను ఎర్ర సిరాతో దిద్దమన్నాను. ఒక పిల్ల లేచి, "సార్, ఈ గీత మా చేన్లో ఎక్కడుంది? మా చేను సగం అటు, సగం ఇటు కదా?" అని అడిగింది. తరగతి అంతా నవ్వింది. నాకు మాత్రం నవ్వు రాలేదు.

ఎందుకంటే, ఆ నెలలోనే మా వీధిలో ఒక పెద్దాయనకు అర్ధరాత్రి గుండెనొప్పి వచ్చింది. మేమంతా ఆయన్ను పెదనాన్నా అని పిలుస్తాం. ఇరవై నిమిషాల దూరంలో మంచి ఆసుపత్రి ఉంది, కానీ అది అవతలి రాష్ట్రంలో ఉంది. అక్కడి డాక్టర్లు మంచివాళ్ళే, వెంటనే చేర్చుకున్నారు. అయితే మా దగ్గరున్న కార్డు అక్కడ చెల్లదు. కార్డు చెల్లే ఆసుపత్రికి పోవాలంటే రెండు గంటల ప్రయాణం. ఆ రాత్రి నలుగురం కలిసి అప్పు చేసి డబ్బు కట్టాం. పెదనాన్న బతికాడు. అప్పు ఇంకా తీరలేదు.

అప్పటి నుంచి నన్నొక ప్రశ్న వేధిస్తూ ఉంది. లోకంలో మనలాగే గీత పక్కన బతికేవాళ్ళు ఇంకా ఎందరో ఉన్నారు కదా, వాళ్ళు ఏం చేసుకుంటున్నారు? ఈ ప్రశ్నతో పుస్తకాలు తిరగేస్తూ పోతే, మధ్యధరా సముద్రం ఒడ్డున ఉన్న రెండు ప్రజాస్వామ్య దేశాల దగ్గర ఆగాను. ఒకటి ఫ్రాన్స్, రెండోది స్పెయిన్. ఈ రెండు దేశాల స్నేహం గురించి ఈరోజు నాలుగు మాటలు మీతో చెప్పుకోవాలని వచ్చాను.

ముందుగా పటం చూద్దాం. యూరప్ ఖండానికి నైరుతి మూలన ఫ్రాన్స్ పైన, స్పెయిన్ కింద ఉంటాయి. రెండింటి మధ్య పిరెనీస్ పర్వతాలు గోడ కట్టినట్లు నిలబడ్డాయి. తూర్పు కొసన మధ్యధరా సముద్రం, పడమటి కొసన అట్లాంటిక్ మహాసముద్రం. ఈ కొస నుంచి ఆ కొస దాకా సరిహద్దు ఆరు వందల కిలోమీటర్ల పైమాటే. ఫ్రాన్స్‌లో ప్రజలు అధ్యక్షుణ్ణి ఎన్నుకుంటారు. స్పెయిన్‌లో రాజు ఉన్నాడు గాని, పాలించేది ఎన్నికైన ప్రభుత్వమే.

ఈ కొండల్లో స్నేహం ఎప్పుడు మొదలైందని అడిగితే, రాజుల కంటే ముందు పశువుల కాపరుల దగ్గరికి పోవాలి. కొండకు ఉత్తరాన బరెతూ అనే లోయ ఉంది. దక్షిణాన రొంకాల్ అనే లోయ ఉంది. మేత దగ్గర, ఊటనీళ్ళ దగ్గర ఈ రెండు లోయల వాళ్ళకూ తగాదాలు. తగాదా ముదిరి కొట్లాట అయింది, ప్రాణాలు పోయాయి. చివరికి పక్క లోయలోని ఆన్సో అనే ఊరి పెద్దలు మధ్యవర్తులుగా కూర్చుని 1375లో తీర్పు చెప్పారు. ఉత్తరం వాళ్ళు దక్షిణపు బీళ్ళలో పశువుల్ని మేపుకోవచ్చు, నీళ్ళు తాపుకోవచ్చు. బదులుగా ఏటా మూడు ఆవులు ఇచ్చుకోవాలి. రెండేళ్ళ వయసున్నవి, ఒకే జాతివి, ఏ లోపమూ లేనివి కావాలి.

ఆ తీర్పు ఈనాటికీ నడుస్తోంది. ప్రతి ఏడూ జూలై 13న రెండు లోయల ఊరిపెద్దలు కొండమీద హద్దు దగ్గర కలుస్తారు. 262 నంబరు హద్దురాయి మీద ఒకరి చేతి మీద ఒకరు చేయి వేస్తారు. "ఇకమీదట శాంతి" అనే అర్థం వచ్చే పాతమాటను మూడుసార్లు పలుకుతారు. తర్వాత పశువైద్యుడు ఆవుల్ని చూసి సరేనంటాడు. ఆ తర్వాత అందరూ కలిసి భోజనం చేస్తారు. ఆరు వందల ఏళ్ళు దాటిన పంచాయతీ తీర్పు ఇది. వినడానికి వేడుకలాగా ఉంటుంది. కానీ ఇందులో ఉన్న తెలివి చూడండి. ఆ పెద్దలు వీళ్ళను ప్రేమగా ఉండండని చెప్పి ఊరుకోలేదు. ఎవరు ఏమి ఇవ్వాలి, ఏ రోజున, ఏ చోట, ఎవరి ఎదుట ఇవ్వాలి అని పద్దు రాసి పెట్టారు. నా మటుకు నాకు పొరుగు స్నేహమంటే ఇదే అనిపిస్తుంది.

ఇక రాజుల మాట. రెండు రాజ్యాలూ చాలా ఏళ్ళు పోట్లాడుకున్నాక 1659లో సంధి చేసుకున్నాయి. దాన్ని పిరెనీస్ సంధి అంటారు. పడమటి కొసన బిదసోవా అనే ఏటి నడుమ ఒక చిన్న లంక ఉంది. నెమలికోడి లంక అని చెప్పుకోవచ్చు. సంతకాలు ఆ లంక మీదే జరిగాయి, అటూ ఇటూ కాని చోట. ఆ లంకను ఇప్పటికీ ఎవరూ సొంతం చేసుకోలేదు. ఫిబ్రవరి నుంచి జూలై దాకా ఆరు నెలలు స్పెయిన్‌ది, ఆగస్టు నుంచి జనవరి దాకా ఆరు నెలలు ఫ్రాన్స్‌ది. గొడవ లేకుండా వంతులు మారుతుంటాయి.

అయితే సంధులన్నీ అందరికీ మేలు చేయవు. అదే 1659 సంధితో మధ్యధరా వైపున ఉన్న కాటలాన్ భాష మాట్లాడే జనం రెండుగా చీలిపోయారు. రుసియోన్ అనే ప్రాంతం, సెర్దాన్య అనే కొండ మైదానంలో ఉత్తర భాగం ఫ్రాన్స్‌కు పోయాయి. సెర్దాన్యలో గ్రామాల్ని ఇస్తామని రాసుకున్నారు. లివియా అనే ఊరు మాత్రం, "మాది గ్రామం కాదు, పట్టణం" అన్న మాటమీద స్పెయిన్‌కే మిగిలింది. ఈనాటికీ సుమారు 1,500 మంది ఉన్న ఆ ఊరు చుట్టూ ఫ్రాన్స్ భూమి ఉండగా మధ్యలో స్పెయిన్ ముక్కగా ఉంది. ఒక్క మాట తేడా, మూడున్నర శతాబ్దాల సరిహద్దు! భాష సంగతి ఇంకా కష్టమైంది. 1700లో ఫ్రాన్స్ రాజు పద్నాలుగో లూయీ ఆ ప్రాంతంలో దస్తావేజులేవీ కాటలాన్‌లో రాయకూడదని ఆజ్ఞ ఇచ్చాడు. తల్లిభాష ఇంటికి, పాలకుల భాష కచేరీకి. ఈ బాధ ఏమిటో సరిహద్దు తెలుగువాళ్ళకు ఎవరూ విప్పి చెప్పనక్కరలేదు.

పంతొమ్మిదో శతాబ్దంలో, 1856 నుంచి 1868 వరకు, బయోన్ అనే ఊళ్ళో వరుసగా ఒప్పందాలు చేసుకుని గీతను ఖాయం చేశారు. కొండలూ వాగులూ కొలిచి హద్దురాళ్ళు పాతారు. మొత్తం 602 రాళ్ళు. ఒకటో నంబరు పడమటి ఏటి దగ్గర, 602వది మధ్యధరా ఒడ్డున. ఏ ఊరి పశువులు ఏ బీడులో ఎన్నాళ్ళు మేయవచ్చు, ఏ ఊట ఎవరిది అన్నది కూడా రాసుకున్నారు. లివియా ఊరివాళ్ళు ఫ్రాన్స్ భూమి మీదుగా తమ దేశానికి పోవడానికి ఎవరూ అడ్డుపెట్టకూడని దారి ఒకటి ఉంది. ఆ దారికి అడ్డంగా ఫ్రాన్స్ పెద్దరోడ్డు వేసి, లివియా వైపు నుంచి వచ్చేవాళ్ళు ఆగాలని బోర్డులు పెడితే, ఊరివాళ్ళు రాత్రిళ్ళు వచ్చి ఆ బోర్డుల్ని పీకిపారేసేవాళ్ళు. కొన్నేళ్ళు ఈ బోర్డుల యుద్ధం సాగింది. చివరికి ఒక వంతెన కట్టి, ఎవరూ ఎవరికోసమూ ఆగక్కరలేకుండా చేశారు. పొరుగువాళ్ళ పేచీల్లో ఎక్కువభాగం ఇలాంటివే. పరిష్కారం తెలిశాక, ఇంతేనా అనిపిస్తుంది.

ఇంతవరకు చెప్పింది వింటే ఆ కొండల్లో అంతా సవ్యంగా సాగిందని మీరు అనుకోవచ్చు. అది నిజం కాదు. 1808లో నెపోలియన్ సేనలు స్పెయిన్‌ను ఆక్రమించాయి. ఆ గాయం చాలాకాలం మానలేదు. కానీ సామాన్య జనం ఆ సరిహద్దు దగ్గర పడ్డ అగచాట్లు తెలియాలంటే 1939కి రావాలి.

స్పెయిన్‌లో మూడేళ్ళ అంతర్యుద్ధం ముగింపుకు వచ్చింది. 1939 జనవరి 26న జనరల్ ఫ్రాంకో సైన్యం బార్సిలోనా నగరాన్ని పట్టుకుంది. ఓడిన ప్రజాప్రభుత్వం వైపువాళ్ళు, ముసలివాళ్ళు, చంటిపిల్లల తల్లులు, చలిలో కొండదారులు పట్టి ఫ్రాన్స్ వైపు నడిచారు. కొద్ది వారాల్లో నాలుగున్నర లక్షల మందికి పైగా సరిహద్దు దాటారు. ఫ్రాన్స్ గేటు తెరిచింది గాని, గుండె తెరవలేదు. అర్జెలెస్ అనే ఊరి దగ్గర సముద్రపు ఇసుకలో ముళ్ళకంచె వేసి వాళ్ళను అందులో ఉంచింది. మొదట్లో తలమీద కప్పు కూడా లేదు. ప్రసిద్ధ స్పానిష్ కవి అంతోనియో మచాదో ముసలితల్లితో గీత దాటి, కొల్యూర్ అనే చిన్న ఊళ్ళో ఫిబ్రవరి 22న కన్నుమూశాడు. ఏడాదిన్నర తిరిగేసరికి ఫ్రాన్స్ హిట్లర్ చేతికి చిక్కింది. అప్పుడు జనం ఎదురు దిక్కుగా నడిచారు. జర్మన్ యూదు తత్వవేత్త వాల్టర్ బెన్యమిన్ 1940 సెప్టెంబరులో కొండ దాటి స్పెయిన్ ఊరు పోర్ట్‌బౌ చేరాడు. వెనక్కి పంపేస్తామని అక్కడి పోలీసులు అనేసరికి ఆ రాత్రే ప్రాణం తీసుకున్నాడు. ఒకరు ఉత్తరానికి, ఒకరు దక్షిణానికి. ఇద్దరినీ ఆ గీతే మింగింది.

ఆ చీకట్లో ఒక దీపం కూడా ఉంది. ఎలిజబెత్ ఐడెన్‌బెంజ్ అని స్విట్జర్లాండ్‌కు చెందిన ఒక పడుచు ఉపాధ్యాయిని. ఆమె కంచెల్లో పడి ఉన్న గర్భిణుల్ని చూసి తట్టుకోలేక, ఎల్న్ అనే ఊళ్ళో పాడుబడ్డ భవనం ఒకటి తీసుకుని ప్రసూతి గృహం నడిపింది. 1939 నుంచి 1944 వరకు అక్కడ 597 మంది పిల్లలు పుట్టారు. సరిహద్దు దగ్గర పుట్టుకకూ చావుకూ మధ్య ఎంత దూరం ఉంటుందో ఆ బడిపంతులమ్మకు తెలిసింది. ఈ సంగతి గుర్తుంచుకోండి, మళ్ళీ ఇక్కడికే వస్తాను.

ఫ్రాంకో నియంతృత్వం 1975 దాకా సాగింది. 1946 మార్చిలో ఫ్రాన్స్ ఆయన మీద నిరసనగా సరిహద్దును పూర్తిగా మూసింది. 1948 ఫిబ్రవరి దాకా తెరవలేదు. దానివల్ల ఫ్రాంకోకు ఏమీ కాలేదు. చిక్కుకుపోయింది మాత్రం అటూ ఇటూ సంబంధాలు కలుపుకున్న కొండవాళ్ళే. 1975 నవంబరు 20న ఫ్రాంకో చనిపోయాడు. 1977లో ఎన్నికలు జరిగాయి. 1978లో కొత్త రాజ్యాంగం వచ్చింది. అప్పటి నుంచే రెండు ప్రజాస్వామ్యాల మధ్య స్నేహం అన్నమాటకు అర్థం ఏర్పడింది.

అప్పుడు కూడా దారి నున్నగా లేదు. అసలు పరీక్ష పడమటి కొసన ఉన్న బాస్క్ ప్రాంతంలో ఎదురైంది. ఎతా అనే సాయుధ సంస్థ 1959లో పుట్టింది. స్వతంత్ర బాస్క్ దేశం కావాలని బాంబులు, తుపాకులు పట్టింది. ఎనిమిది వందల మందికి పైగా దాని చేతిలో చనిపోయారు. ఆ సంస్థ నాయకులు స్పెయిన్‌లో పని ముగించుకుని గీత దాటి ఫ్రాన్స్‌లో తలదాచుకునేవారు. ఫ్రాంకో కాలంలో వాళ్ళను ఫ్రాన్స్ రాజకీయ శరణార్థులుగా చూసింది. ప్రజాస్వామ్యం వచ్చాక కూడా ఆ అలవాటు కొన్నేళ్ళు పోలేదు. స్పెయిన్‌కు కోపం వచ్చింది. ఆ కోపంలో స్పెయిన్ ప్రభుత్వంలోనే కొందరు తప్పుదారి పట్టారు. 1983 నుంచి 1987 వరకు గాల్ అనే పేరుతో రహస్య హంతక ముఠాలు ఫ్రాన్స్ గడ్డ మీద హత్యలు చేశాయి. 27 మంది చనిపోయారు. వాళ్ళలో ఎతాతో ఏ సంబంధమూ లేనివాళ్ళు కూడా ఉన్నారు. ఆ వ్యవహారానికి సంబంధించిన కేసులో అప్పటి హోంమంత్రికే 1998లో స్పెయిన్ సుప్రీం కోర్టు శిక్ష వేసింది. సొంత మంత్రిని సొంత కోర్టే శిక్షించడం ప్రజాస్వామ్యంలోనే జరుగుతుంది.

అసలు మార్పు వచ్చింది మాత్రం చట్టం దారినే. 1984 జూన్‌లో ఇద్దరు హోంమంత్రులూ కూర్చుని ఒప్పందం చేసుకున్నారు. ఆ సెప్టెంబరులోనే ఫ్రాన్స్ కొందరు నిందితుల్ని మొదటిసారిగా స్పెయిన్‌కు అప్పగించింది. 1992 మార్చి 29న ఫ్రాన్స్ వైపున్న బిదార్ అనే ఊళ్ళో ఎతా అగ్రనాయకుల్ని ఒకేసారి పట్టుకున్నారు. అప్పటికి బార్సిలోనా ఒలింపిక్స్‌కు నాలుగు నెలలైనా లేదు. తర్వాతి రోజుల్లో రెండు దేశాల పోలీసులూ న్యాయాధికారులూ కలిసే దర్యాప్తులు చేశారు. 2011 అక్టోబరు 20న ఎతా ఆయుధ పోరాటం ఆపేస్తున్నామని ప్రకటించింది. 2018 మేలో ఆ సంస్థే లేకుండా పోయింది. వ్యూహాత్మక సహకారం అని పత్రికల్లో పెద్దమాట రాస్తుంటారు కదా. దాని అర్థం ఇక్కడ తేటగా కనిపిస్తుంది. నా ఇంటికి నిప్పు పెట్టినవాడు నీ ఇంట్లో దాక్కోకూడదు, నీ ఇంటికి నిప్పు పెట్టినవాడు నా ఇంట్లో దాక్కోకూడదు. ఆ నమ్మకం కుదిరాకే మిగతా పనులన్నీ ముందుకు సాగాయి.

ఇప్పుడు ఆ పనుల్లో రెండు మూడు చూద్దాం. మొదటిది రైలు. గుంతకల్లులో మీటర్ గేజి బండి దిగి బ్రాడ్ గేజి బండి ఎక్కిన రోజులు మన పెద్దలకు గుర్తుండే ఉంటాయి. ఈ సరిహద్దులోనూ అదే కథ. స్పెయిన్ పట్టాల వెడల్పు 1,668 మిల్లీమీటర్లు, ఫ్రాన్స్ పట్టాలవి 1,435. అందువల్ల మధ్యధరా ఒడ్డున సెర్బేర్ స్టేషన్‌లో స్పెయిన్ నారింజపండ్లను ఒక బండి నుంచి దించి ఇంకో బండికి ఎక్కించాలి. గంపలు మోసింది ఆడకూలీలు. 1906లో వాళ్ళు కూలి పెంచమని సమ్మె కూడా చేశారు. ఈ తిప్పలు తప్పించడానికి కొండ కింద 8 కిలోమీటర్లకు పైగా సొరంగం తవ్వి, యూరప్ వెడల్పు పట్టాలతోనే పెర్పిన్యా నుంచి ఫిగేరెస్ దాకా కొత్తదారి వేశారు. 2010 డిసెంబరులో రైళ్ళు నడిచాయి. 2013 డిసెంబరు నుంచి బార్సిలోనాలో ఎక్కినవాళ్ళు బండి మారకుండా పారిస్‌లో దిగుతున్నారు. ఈ దారి నడిపిన ప్రైవేటు కంపెనీ అనుకున్నన్ని బండ్లు రాక దివాలా తీసింది. అప్పుడు రెండు దేశాల రైల్వే సంస్థలూ కలిసి దాన్ని తమ చేతిలోకి తీసుకున్నాయి. నష్టం వచ్చినప్పుడు కూడా చేయి వదలకపోవడం గమనించదగ్గది.

రెండోది కరెంటు. అదే కొండల కింద, 64 కిలోమీటర్ల పొడవున, భూమిలోపల నుంచి పెద్ద విద్యుత్తు లైను వేశారు. కొండలమీదుగా స్తంభాలు పాతితే అడవి పాడవుతుందని రెండువైపుల ఊళ్ళవాళ్ళూ ఏళ్ళ తరబడి అడ్డుపడినందువల్లే దాన్ని భూమిలో పూడ్చారు. 2015 ఫిబ్రవరిలో ప్రారంభమైంది. దాని శక్తి 2,000 మెగావాట్లు. రెండు దేశాల మధ్య ఇచ్చిపుచ్చుకోగల కరెంటు దానితో రెట్టింపయింది. దాని విలువ 2025 ఏప్రిల్ 28న తెలిసింది. ఆ మధ్యాహ్నం స్పెయిన్, పోర్చుగల్ దేశాల్లో ఉన్నట్టుండి కరెంటు పోయింది. రైళ్ళు, లిఫ్టులు, ఫోన్లు ఆగిపోయాయి. మళ్ళీ దీపాలు వెలిగించడానికి మొదట ఊతం దొరికింది ఫ్రాన్స్, మొరాకో వైపు తీగల నుంచే. పొరుగింటి పొయ్యిలో నిప్పు ఉంటే మన పొయ్యి మళ్ళీ అంటుకోవడం సులువు.

మూడోది, నేను ముందే చెప్పిన ఆసుపత్రి సంగతి. సెర్దాన్య అని చెప్పాను కదా, 1659లో రెండుగా చీల్చిన కొండ మైదానం. సముద్రమట్టానికి వెయ్యి మీటర్ల పైన ఉంటుంది. చలికాలం మంచు కురుస్తుంది. ఫ్రాన్స్ వైపువాళ్ళకు పెద్ద ఆసుపత్రి కావాలంటే కొండదారిలో సుమారు వంద కిలోమీటర్లు దిగి పెర్పిన్యా పోవాలి. స్పెయిన్ వైపున పుచ్చెర్దా పట్టణంలో ఒక పాత ఆసుపత్రి ఉండేది గాని అది చాలేది కాదు. విడివిడిగా చూస్తే ఏ వైపునా పెద్ద ఆసుపత్రి కట్టేటంత జనాభా లేదు. రెండువైపులా కలిపితే ముప్పై వేల పైచిలుకు ఉంది. ఆ లెక్క చూసుకుని 2010లో రెండు వైపులవాళ్ళూ ఉమ్మడి సంస్థ ఏర్పాటు చేశారు. యూరోపియన్ యూనియన్ నిధుల నుంచి ఖర్చులో అరవై శాతం దాకా వచ్చింది. 2014 సెప్టెంబరులో పుచ్చెర్దాలో సెర్దాన్య ఆసుపత్రి తెరిచారు. రెండు దేశాలు కలిసి కట్టి, కలిసి నడిపే ఆసుపత్రుల్లో యూరప్‌లో అదే మొదటిది. నడిపే ఖర్చులో అరవై శాతం కాటలోనియా వైపుది, నలభై శాతం ఫ్రాన్స్‌ది. ఫ్రాన్స్ వైపు రోగి తన దేశపు ఆరోగ్య కార్డు చూపిస్తే చాలు. కాటలాన్, స్పానిష్, ఫ్రెంచ్ మూడు భాషలూ ఆ వరండాల్లో వినిపిస్తాయి.

అక్కడా చిక్కులు లేకపోలేదు. ఫ్రాన్స్ తల్లికి పుచ్చెర్దాలో బిడ్డ పుడితే ఆ బిడ్డ విదేశంలో పుట్టినట్టే, కాగితాలు వేరు. ఫ్రాన్స్ ముసలాయన అక్కడ చనిపోతే శవాన్ని పక్క ఊరికి తీసుకుపోవడానికి ఒక దేశం నుంచి ఇంకో దేశానికి పంపే తంతు. ఒక దేశపు డాక్టరు పట్టా రెండో దేశంలో చెల్లడానికి ఇంకో తతంగం. ఇలాంటి ముళ్ళను ఒక్కొక్కటే విప్పుకుంటూ పోవలసి వచ్చింది. కానీ అర్ధరాత్రి గుండెనొప్పి వచ్చినవాణ్ణి, "నీది ఏ దేశం, ఏ కార్డు?" అని అడిగి వెనక్కి పంపడం లేదు. ముళ్ళకంచె పక్కన ప్రసూతి గృహం నడిపిన ఆ బడిపంతులమ్మ కాలానికీ, ఈ ఆసుపత్రికీ మధ్య డెబ్బై అయిదేళ్ళు. ఆ కాలంలో ఒక మనిషి దయ చేసిన పనిని ఈ కాలంలో రెండు ప్రభుత్వాలు బాధ్యతగా చేస్తున్నాయి. దయకు మనం మొక్కాల్సిందే. కానీ దయగలవాళ్ళు అన్ని ఊళ్ళలో, అన్ని రాత్రుల్లో దొరకరు. అందుకే రాతపూర్వకమైన ఏర్పాటు కావాలి.

ఇటీవలి సంగతులు రెండు చెప్పి ముగిస్తాను. 2021 మార్చి 15న ఫ్రాన్స్‌లోని మొంతబాన్ పట్టణంలో రెండు దేశాల నాయకులు కలిశారు. స్పెయిన్ గణతంత్ర చివరి అధ్యక్షుడు మనుయెల్ అసాన్య ప్రవాసంలో చనిపోయి సమాధి అయింది ఆ ఊళ్ళోనే. ఫ్రాన్స్ అధ్యక్షుడు మాక్రాన్, స్పెయిన్ ప్రధాని సాంచెస్ ఇద్దరూ ఆ సమాధి దగ్గర పూలు ఉంచారు. ఆ రోజే ద్వంద్వ పౌరసత్వం మీద ఒప్పందం సంతకమైంది. 2022 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చింది. ఇప్పుడు ఒక మనిషి ఫ్రెంచివాడు కావడానికి స్పానిష్ పౌరసత్వం వదులుకోనక్కరలేదు. అటునుంచి ఇటూ అంతే. 2023 జనవరి 19న బార్సిలోనాలో స్నేహ సహకార ఒడంబడిక మీద సంతకాలు చేశారు. రక్షణ, ఇంధనం, చదువు, యువత, సరిహద్దు ప్రాంతాల బాగోగులు, అన్నీ అందులో ఉన్నాయి. ఒక దేశపు మంత్రి రెండో దేశపు మంత్రివర్గ సమావేశంలో కూర్చునే ఏర్పాటు కూడా ఉంది.

ఆ రోజు బార్సిలోనా వీధుల్లో కాటలాన్ స్వాతంత్ర్యవాదులు నిరసన తెలిపారు. అదే రోజు ఫ్రాన్స్ అంతటా పింఛన్ల మార్పు మీద సమ్మె జరిగింది. స్నేహ ఒడంబడిక రాసినంత మాత్రాన తగాదాలు మాయం కావు. అంతకుముందు ఏడాదే కొండల మీదుగా గ్యాసు పైపు వేయాలని స్పెయిన్, వద్దని ఫ్రాన్స్ గట్టిగా వాదించుకున్నాయి. చివరికి 2022 అక్టోబరులో దానికి బదులు బార్సిలోనా నుంచి మార్సేయ్‌కు సముద్రం కింద హైడ్రోజన్ పైపు వేద్దామని ఒప్పుకున్నాయి. 2016లో ఫ్రాన్స్ ద్రాక్షరైతులు, చవక సరుకు తమను ముంచుతోందని స్పెయిన్ ద్రాక్షసారా ట్యాంకర్లను ఆపి రోడ్డుమీద పారబోశారు. 2021 జనవరిలో ఉగ్రవాదం, అక్రమ వలసలు అని ఫ్రాన్స్ కొండల్లోని చిన్నదారుల్ని మూసింది. బన్యుల్స్ కనుమ మీద బండరాళ్ళు అడ్డం పెట్టింది. రెండువైపుల ఊళ్ళవాళ్ళూ పదేపదే వచ్చి ఆ రాళ్ళు పక్కకు దొర్లించారు. 2024లో ఆ దారి మళ్ళీ తెరుచుకుంది. రాజధానులకు అది పటంలో చుక్క. ఆ ఊళ్ళవాళ్ళకు పొలానికీ, పెళ్ళికీ పోయే దారి.

శ్రోతలారా, ఇన్ని చెప్పడంలో నా ఉద్దేశం ఒకటే. ఆ కొండల్లో ఎవరూ గీతను చెరపలేదు. 602 హద్దురాళ్ళూ నంబర్లతో సహా అలాగే ఉన్నాయి. రెండు దేశాలు, రెండు ప్రభుత్వాలు, రెండు చట్టాలు. మధ్యలో యుద్ధాలు, నెత్తురు, అవమానాలు ఉన్నాయి. అయినా రోగి గీత దగ్గర ఆగకూడదని పద్దు రాసుకున్నారు. నీ వాటా ఇంత, నా వాటా ఇంత అని లెక్క కట్టుకున్నారు.

మరి మన మధ్య ఉన్నది రెండు దేశాల గీత కాదు, ఒకే దేశంలో రెండు రాష్ట్రాల గీత. తుంగభద్ర నీళ్ళు పంచుకోవడానికి 1953లోనే బోర్డు పెట్టుకున్నవాళ్ళం మనం. పేచీలు పడుతూనే ఆ బోర్డు దగ్గర కూర్చుంటున్నాం. నీళ్ళకు పద్దు రాసుకోగలిగిన వాళ్ళం, మందుకు రాసుకోలేమా? ఈ ప్రాంతపు కార్డు ఆ ప్రాంతపు ఆసుపత్రిలో చెల్లేటట్లు, ఖర్చు తర్వాత ప్రభుత్వాలే సర్దుకునేటట్లు అడగడం గొంతెమ్మ కోరికేమీ కాదు. మీ ఊరి పంచాయతీలో, మీ శాసనసభ్యుడి దగ్గర ఈ మాట ఎత్తండి. అవతలి ఊరివాళ్ళను కూడా అదే మాట వాళ్ళ వైపు ఎత్తమనండి. మూడు ఆవుల తీర్పు కూడా ముందు ఊళ్ళలోనే పుట్టింది.

ఆ పిల్ల అడిగిన ప్రశ్నకు ఆ రోజు జవాబు చెప్పలేకపోయాను. మర్నాడు చెప్పాను. "అమ్మా, గీత మీ చేన్లోనే ఉంది. దాన్ని పటంలో దిద్దు, మార్కులు వేస్తాను. కానీ దాని మీద దారి ఎక్కడ వేయాలో కూడా నేర్చుకో."